వీధి అరుగు మీంచి కనపడనివి

అమలాపురం

చిరంజీవి బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన నాలుగు పేజీలూ అందాయి. తాతగారి ఇంటి జ్ఞాపకాలు పుస్తకంగా రాద్దామనుకుంటున్నానన్నావు. ఏం చదవాలి, ఎప్పుడు రాయాలి, ఎవర్ని చూసి నేర్చుకోవాలి అని అడిగావు. నేను అచ్చులో పేరు చూసుకున్నదాన్ని కాదు. ముప్ఫై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పాను, బీరువా నిండా నోటు పుస్తకాలు నింపాను. ఆ చనువుతోనే చెబుతున్నాను.

ముందు నీ పేజీల సంగతి. కొబ్బరి చెట్లు, కాలవ గట్టు, ప్రభల తీర్థం, పూతరేకులు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒక్కటీ మన ఇంటిది కాదురా నాన్నా. కోనసీమ అంటే కేలండరు అచ్చేసేవాడూ అవే బొమ్మలేస్తాడు. తాతగారు పడక్కుర్చీలో కూర్చుని పద్దు పుస్తకం తిరగేస్తూ, లెక్క కుదరకపోతే చెవి మీద పెన్సిలు తీసి మళ్లీ అక్కడే పెట్టుకునేవారు. అది నువ్వూ చూశావు. రాయలేదేం?

చదవడానికి మూడు ఏళ్లు దాటి రా. ఏళ్లంటే సంవత్సరాలు కావు, మన గోదారి పాయలు.

గౌతమి దాటితే పొలమూరు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారిది ఆ ఊరు. 1891లో పుట్టారు. వేదం, సంస్కృతం తప్ప తెలుగు రాతలు చదువు కిందికే రావనుకునే ఇంట్లోంచి వచ్చి తెలుగు కథకుడయ్యారు. ఆయన ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’లో ఆ పెనుగులాటంతా ఉంది. నువ్వు మాత్రం మాట కోసం చదువు. ఆడవాళ్లు వంటింట్లోనూ నూతి దగ్గరా మాట్లాడుకునే తెలుగు ఆయన చేతిలో ఎలా నడుస్తుందో చూడు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, అలాగే మాట్లాడేది. ఆవిడ ఒక్క అక్షరమూ రాయలేదు. నాకు రాయాలనిపించింది మాత్రం ఆవిడ మాటలు విన్నాకే. ఆవిడ పోయాక ఆ మాటలు ఎన్నని గుర్తుచేసుకోగలను? మీ అమ్మ మాట్లాడేటప్పుడు ఇప్పుడే రాసిపెట్టుకో.

వశిష్ఠ దాటితే ఖండవల్లి. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు 1867లో అక్కడ పుట్టారు. చిన్నప్పట్నుంచీ రేచీకటి, తరవాత చూపే పోయింది. తాను చెబుతుంటే ఇంకొకరు రాసేవారు. ‘స్వీయచరిత్రము’ చదువుతుంటే ఎదురుగా కూర్చుని ఒక పెద్దాయన కబుర్లు చెబుతున్నట్టుంటుంది. నేను ఆయన దగ్గర నేర్చుకున్న అలవాటు ఒకటుంది. రాసిన పేజీ పైకి చదువుతాను. ఊపిరి ఆగిన చోట వాక్యం విరగ్గొడతాను. నాకే సిగ్గేసిన చోట కొట్టేస్తాను. అలా సిగ్గేసేది సాధారణంగా గొప్పలు పోయిన చోటే.

ఇక వైనతేయ దాటితే మామిడికుదురు. బోయి భీమన్నగారు 1911లో పుట్టిన ఊరు. పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అయ్యే నాటకం ‘పాలేరు’ రాసింది ఆయనే. 1973లో పద్మశ్రీ వచ్చింది. ‘గుడిసెలు కాలిపోతున్నాయి’కి 1975లో సాహిత్య అకాడెమీ బహుమతి ఇచ్చారు. ఆయన ఆత్మకథ పేరే ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’. నేను పిల్లలకి పాఠం చెప్పిన రోజుల్లో భీమన్నగారి పేరు పరీక్షకోసం చెప్పాను తప్ప, పుస్తకం తెరవలేదు. రిటైరయ్యాక చదివాను. చదివి, నా నోటు పుస్తకాలు మళ్లీ తీశాను.

వాటిలో 1996 నవంబరు 6 తుఫాను ఉంది. నీకప్పుడు ఆరేళ్లు, ఆ రాత్రి నా ఒళ్లోనే పడుకున్నావు. ముమ్మిడివరం దగ్గర మన ఊళ్లో తెల్లారి తలుపు తీస్తే పెరడంతా ఎండ. ఎప్పుడూ నీడలో ఉండే నుయ్యి మీద నేరుగా ఎండ పడుతుంటే, ఇదెవరి ఇల్లని ఒక్క క్షణం అనుకున్నాను. ఎన్ని చెట్లు పడ్డాయో తాతగారు లెక్కపెట్టించారు. ఆ లెక్క, ఆ ఎండ, తాతగారు మాట్లాడకుండా కూర్చోవడం, అన్నీ నాలుగు పేజీలు రాసుకున్నాను. మన చెట్లకి దింపులు తీసే మనిషి మాత్రం ఆ నాలుగు పేజీల్లో లేడు. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ అతను ఏ చెట్టెక్కాడు? ఆ రాత్రి వాళ్ల పాక ఏమైంది? నేను అడగలేదు. తాతగారి పద్దు పుస్తకమూ చూశాను. ‘దింపు కూలి’ అని ప్రతి దింపుకీ డబ్బు రాసి ఉంది. మనిషి పేరు ఎక్కడా లేదు.

నాకు తెలిసింది ఇదే. జ్ఞాపకం అబద్ధం చెప్పకపోవచ్చు. కాని అది మన వీధి అరుగు మీద కూర్చుని చూస్తుంది. అక్కణ్ణుంచి కనపడినంతే చెబుతుంది. అందుకే నువ్వు శ్రీపాదని చదివిన వారంలోనే భీమన్ననీ చదువు. ఒకే గోదారి నీళ్లు తాగిన ఇద్దరి బాల్యాలు పక్కపక్కన పెట్టుకుంటే, మన అరుగు ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది.

రాసే వేళ అంటావా, నీ ఉద్యోగానికి తెల్లవారుజామే గతి. ఫోను పక్క గదిలో పెట్టు. రోజుకో పేజీ చాలు, చేత్తోనే రాయి. నిన్నటి పేజీ దిద్దుతూ కూర్చోకు, ఈ రోజుది ఆగిపోతుంది. ఏ సంగతి రాసినా ముగ్గుర్ని అడుగు. అందులో ఒకరు మన ఇంటివాళ్లు కాకూడదు. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే మూడూ రాయి, తీర్పు చెప్పకు. తాతగారి కోపం గురించి రాయొచ్చా అని అడిగావు. రాయి. ఆ కోపం ఎవరి మీద పడేదో కూడా రాయి.

సంక్రాంతికి వస్తానన్నావుగా. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎలాగూ వెళ్తాం. మర్నాడు నాతో ఇంకోచోటికి రావాలి. ఆ దింపులాయన కూతురు ఇప్పుడు ఇక్కడికి దగ్గర్లోనే ఉంటోందని మొన్న తెలిసింది. కబురు పంపాను, రమ్మంది. తుఫాను రాత్రి ఆ పిల్ల వయసు నీ వయసేనట. పెన్నూ కాయితాలూ నువ్వు తెచ్చుకో. ముందుగా వాళ్ల నాన్న పేరు నేనడుగుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ