మూడు మాత్రలు, మూడు పనులు

ఎమ్మిగనూరు

అల్లుడూ,

మీ అమ్మ ఫోనులో ఏడ్చింది. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరాలు మోస్తుంటే పిక్క పట్టేస్తోందని, 3 వారాలు మింగినా గుణం లేదని మాత్రలు మానేస్తానన్నావంట. మానొద్దప్పా.

నాదీ అదే కత. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సొసైటీకి నేసినోణ్ణి కదా, గుంటమగ్గం తొక్కినందుకే ఈ నొప్పి అనుకొని రెండేళ్లు నూనె రుద్దుకున్నా. నడిస్తే పట్టి, కాసేపు నిలబడితే వదిలేది నరాల నొప్పి కాదంట. కాలికి పోయే రక్తనాళం సన్నబడిందంట. చీలమండ దగ్గర బీపీ చూసి, చేతి బీపీతో భాగించినారు. 0.9కి తక్కువొస్తే ఆ జబ్బే.

నీ చీటీలో నడకకు పనికొచ్చేది సిలోస్టజాల్ ఒక్కటే. గుణం తెలిసేందుకు 12 వారాలు కూడా పట్టొచ్చు. తిండికి అరగంట ముందన్నా, తిన్న రెండు గంటలకన్నా వేసుకోవాల. మొదట్లో తలనొప్పి, గుండెదడ ఉంటాయి. గుండె బలహీనంగా ఉన్నోళ్లకు అది ఇవ్వనేకూడదు. మెట్లెక్కితే నీకు ఆయాసమొస్తుంటే డాక్టరు దగ్గర దాచొద్దు. చీటీ లేకుండా నువ్వు కొనుక్కునే గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్ సంగతీ చెప్పు. అది ఒంట్లో సిలోస్టజాల్ ప్రభావం పెంచుతుంది, క్లోపిడోగ్రెల్ బలం తగ్గిస్తుంది.

ఆ క్లోపిడోగ్రెల్, కొవ్వుకిచ్చే అటోర్వాస్టాటిన్ నీ పిక్క కోసం రాసినవి కావు. కాలినాళం పూడినోడికి గుండె నాళాలూ, మెదడు నాళాలూ పూడే భయముంటుంది. గుండెపోటు, పక్షవాతం రాకుండా అవి. నొప్పి తగ్గలేదని వాటిని ఆపితే ఎట్లా?

బీడీ మాట నీకు చేదే. నేను దొంగగా తాగినన్నాళ్లూ మందులే కాదు, కర్నూలు ఆసుపత్రికి పోయిన బస్సు చార్జీ కూడా దండగైంది.

మోత పని వేరు, నడక వేరు. డాక్టరునడిగి, నొప్పొచ్చేదాకా నడువు, నిలబడు, తగ్గినాక మళ్లీ నడువు. వారానికి మూడు దినాలన్నా, అరగంట తక్కువ కాకుండా. వేడినీళ్ల కాపడం మాత్రం వద్దు. నాకు బొబ్బ లేచి నాలుగు నెలలు మానలేదు. పడుకున్నా పాదం నొప్పి పెడితే, వేలు నల్లబడితే, కాలు ఉన్నట్టుండి చల్లబడితే తెల్లారేదాకా ఆగకుండా కర్నూలు పెద్దాసుపత్రికి పో.

జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు రా. బస్టాండు నుంచి గుడిదాకా నడుద్దాం. నేనెన్నిసార్లు నిలబడతానో నువ్వు లెక్కపెట్టు, నీవి నేను లెక్కపెడతా.

మీ మామ