పాఠం: అమ్మమ్మ గుండె దడ

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ "గుండె దడగా ఉంది నాన్నా" అంది. ఇంట్లో మీరొక్కరే ఉన్నారు. ఏం చేస్తారు?

దడతో పాటు ఈ మాటల్లో ఏది విన్నా వెంటనే 911కి ఫోన్ చేయండి:
• "గుండెల్లో నొప్పిగా ఉంది."
• "ఆయాసంగా ఉంది, ఊపిరి ఆడట్లేదు."
• "కళ్ళు తిరుగుతున్నాయి, పడిపోయేలా ఉన్నా."

"నాకేం కాలేదు, కాస్త పడుకుంటా" అన్నా ఆగకండి. ఆసుపత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇవేవీ లేకపోతే, అమ్మమ్మని ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండు వేళ్ళు ఆనించి నాడి చూడండి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. పెద్దవాళ్ళకి నిమిషానికి 60 నుంచి 100 మామూలు. 100 దాటితే డాక్టర్లు టాకీకార్డియా అంటారు. జ్వరం, కాఫీ, కంగారు, నీళ్ళు సరిగ్గా తాగకపోవడం వల్ల నాడి పెరగవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ వల్ల కూడా పెరగవచ్చు. అందుకే, కూర్చున్నాక కూడా తగ్గకపోతే అమ్మకి చెప్పి డాక్టరుకి ఫోన్ చేయించండి.

అభ్యాసం
1. 30 సెకన్లలో నాడి 54 సార్లు కొట్టుకుంది. నిమిషానికి ఎన్ని? తెలుగులో చెప్పండి.
2. "ఆయాసం", "దడ" – తేడా ఏమిటి? మీ అమ్మమ్మని, తాతయ్యని అడిగి రాయండి.