అక్షరము పోకుండ కుదించు విద్య

విద్యార్థులారా! వ్యాసమును సంగ్రహింపుడనిన మీరు కొన్ని వాక్యములను విడిచి సారమును నిలుపుదురు. విడిచిన మాటలను సంగ్రహమునుండి మరల రాబట్టుట అసాధ్యము. పొలము దస్తావేజును అట్లు కుదింపవచ్చునా? సర్వే నంబరులో ఒక్క అంకె పోయినను ఒకరి పొలము మరియొకరి దగును. కావున ఏమియు పోకుండ కుదించు ఉపాయము కావలెను. నిఘంటు పద్ధతి అట్టిది.

పూర్వము తంతి శాఖవారు పెండ్లి, పండుగల శుభాకాంక్షల వాక్యములకు సంఖ్యలు ఏర్పరచిరి. తంతిపై సంఖ్య మాత్రమే పోయెడిది. చేరినచోట గుమాస్తా పట్టిక చూచి పూర్తి వాక్యమును వ్రాసి యిచ్చెడివాడు. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది. ఆ పద్ధతికి ఇరువైపుల ఒకే పట్టిక యుండవలెను. పట్టికలో లేని వాక్యమునకు అది పనికిరాదు.

ఈ చిక్కును ఇశ్రాయేలు దేశపు శాస్త్రజ్ఞులగు అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ 1977, 1978 సంవత్సరములలో ప్రకటించిన రెండు పద్ధతులతో విప్పిరి. వేరు పట్టిక పంపనక్కరలేదు. అంతవరకు చదివిన పాఠమే నిఘంటువని వారి యూహ.

మన పొరుగు రైలు మార్గమును చూడుడు: "రేపల్లె నుండి తెనాలి, తెనాలి నుండి రేపల్లె." ఇందు 16 అక్షరములు కలవు. మొదటి 8 యథాతథముగా వ్రాయుదము. పిమ్మట రెండవ "తెనాలి"కి బదులు "3 అక్షరములు వెనుకకు పోయి 3 తీసికొనుము" అనియు, "నుండి"కి "8 వెనుకకు, 2" అనియు, "రేపల్లె"కు "13 వెనుకకు, 3" అనియు వ్రాసిన చాలును. పలకపై చేసి చూడుడు. ఒక్క అక్షరమును పోదు. ఇది 1977 నాటి పద్ధతి; జిప్ దస్త్రములకు ఇదియే ఆధారము. 1978 నాటి పద్ధతి, పాఠము నడచుకొలది మాటల పట్టిక పెంచి సంఖ్యలిచ్చును. దానిని 1984లో టెర్రీ వెల్చ్ సులభపరచెను.

చిన్న వాక్యమున లాభము స్వల్పము. దీర్ఘ పాఠమున అధికము. పునరుక్తి లేనిచోట లాభమే లేదు. తెలుగునకు ఇది మిక్కిలి ఉపకారి. కంప్యూటరు సాధారణముగా గుణింతపు గుర్తును సైతము వేరుగా లెక్కించి, ఒక్కొక్కదానికి 3 బైట్లు వాడును; "చెరుకుపల్లి"కి 33 బైట్లు పట్టును. ఆ మూడింట మొదటిది ఎల్లప్పుడు నొకటే. రెండవది రెండింటిలో నొకటి. ఇంత పునరుక్తి యున్నచోట కుదింపు సుకరము.

ఒక్క హెచ్చరిక: మొదట "తెనాలి"ని తప్పుగా చదివినవాడు, దానిని చూపు ప్రతి సూచనయందును ఆ తప్పునే వ్రాయును. కావున తొలి పాఠమున శ్రద్ధ వహింపవలెను.