ఇంటి ముందు జానెడు నేల – ఇంటిల్లిపాదికీ ఆకుకూర



మన ప్రసూతి వార్డుకు వచ్చే తల్లుల్లో చాలామందికి రక్తం తక్కువ. "ఆకుకూర తింటున్నావా అమ్మా?" అని అడిగితే, "మా కాలనీకి కూరల బండి రాదండీ. ఆటో ఎక్కి బజారుకు పోవాలి. వారానికొకసారి తెచ్చుకుంటే రెండో రోజుకే వాడిపోతుంది" అంటారు. అది వారి అశ్రద్ధ కాదు, దూరం తెచ్చిన ఇబ్బంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు. 7 కంటే తగ్గితే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

1999లో రైతు బజార్లు మొదలయ్యాక పట్టణాల్లో తాజా కూరలు అందుబాటులోకి వచ్చాయి. కానీ ఊరి బయట కాలనీలకు అవి దూరమే. 2020లో పట్టణ పేదలకు ఇచ్చిన పట్టా ఒక సెంటు, అంటే సుమారు 48 గజాలు. ఇల్లు కట్టగా మిగిలిన కాస్త చోటునే ఇలా వాడుకోండి.

1. మన నల్లరేగడిలో వాన నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. కాబట్టి మడిని జానెడు ఎత్తు చేసి, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. నేల లేకపోతే పాత బియ్యం సంచులు చాలు.

2. పడమర పక్క ఒక మునగ కొమ్మ నాటండి. సాయంత్రపు ఎండ నుండి మడికి నీడనిస్తుంది. ఆకు చేతికందేలా కొమ్మలు నరుకుతూ ఉండండి.

3. గోడ వెంట బచ్చలి తీగ పాకించండి. మడిలో తోటకూర, గోంగూర చల్లండి. తోటకూర నెలలోపే కోతకు వస్తుంది. పది రోజులకొకసారి కొంచెం కొంచెం చల్లితే కూర తెగిపోదు.

4. స్నానపు నీరు అరటికి, బొప్పాయికి మళ్లించండి. ఆకుకూరలకు మాత్రం మంచినీరే పోయండి. నీరు నిలిస్తే దోమలు చేరతాయి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక: పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా నీళ్లకు గాని, మొక్కలకు గాని వాడవద్దు. మందు కొట్టిన పత్తి, మిరప చేలల్లో కోసిన ఆకుకూర ఇంటికి తేవద్దు.

ఆకుకూర తింటున్నామని ఐరన్ మాత్రలు మానకండి. కూరలో నిమ్మరసం పిండుకోండి. భోజనం కాగానే టీ త్రాగవద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబరిచే మందు వాడేవారు ముందుగా డాక్టరు గారిని అడగండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. గుడి ఆవరణలో క్రోటన్ల వరుసలో కొన్ని మునగ, కరివేప, బొప్పాయి మొక్కలు పెట్టించండి. ఆదివారం ఆరాధన తరువాత గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు ఒక్కో కట్ట ఇవ్వవచ్చు. యిర్మీయా 29వ అధ్యాయం చదవండి. పరాయి పట్టణంలో చెరలో ఉన్నవారికి కూడా దేవుడు తోటలు నాటుకోమనే చెప్పాడు. కొత్త కాలనీకి చేరిన మనకూ ఆ మాట వర్తిస్తుంది.

దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యముతో దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్