నాచు పెట్టె కట్టబోయే ముందు

చిరంజీవి సూరిబాబుకి,

నువ్వు పంపిన ఫొటో చూశాను. మూడడుగుల తొట్టి, అందులో గోల్డ్‌ఫిష్‌లు, అద్దం నిండా పాచి. ఆ పాచిని పక్కన వేరే పెట్టెలో పెంచి తొట్టిని తేటగా ఉంచాలనుకోవడం మంచి ఆలోచనే. పాడేరు చలికి గోల్డ్‌ఫిష్‌ని ఎంచుకోవడమూ బాగుంది, హీటరు గొడవ ఉండదు. కాకపోతే తిండిపోతు చేప అది.

హుకుంపేట మండలం మత్స్యగుండంలో దేవుడి చేపలని ఎవరూ పట్టరు, పైగా మేత వేస్తారు. ఎంత వేసినా అక్కడ నీరు పారుతుంది కాబట్టి కుళ్లు నిలవదు. నీ తొట్టిలో మిగిలిన మేతా, చేపల రెట్టా అక్కడే ఉండి అమ్మోనియా, నైట్రేటు, ఫాస్ఫేటు అవుతాయి. నాచుకి అదే తిండి. గెడ్డలో ఎండ తగిలే రాయి మీద నీరు పల్చగా జారేచోట నాచు ఎలా పడుతుందో నీకు చెప్పక్కర్లేదు. అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థకి చెందిన వాల్టర్ ఏడీ పగడపు దిబ్బల మీది నాచుని చూసి ఈ పద్ధతి పట్టుకున్నాడు, 1982లో పేటెంటు తీసుకున్నాడు. నాచు తిండి తిని పెరుగుతుంది, నువ్వు దాన్ని గీకి బయట పారేస్తావు. కిటుకంతా అంతే. పెట్టెలో రాయికి బదులు తెర, ఎండకి బదులు లైటు, తెర మీదికి నీళ్లు జార్చడానికి పంపు.

లైటు తప్పయితే నాచు రాదు, నాలుగు రోజులు వృథా. సామాను తప్పయితే చేపలు పోతాయి. అందుకే ముందు సామాను సంగతి.

నీళ్లు తగిలేచోట రాగి, ఇత్తడి, జింకు పూత రేకు, ఇనప మేకులు ఏవీ ఉండకూడదు. రాగి చెంబులో నీళ్లు మనకి మంచివంటారు, కానీ రొయ్యలకీ నత్తలకీ రాగి విషం, చేపలకీ పడదు. సున్నం తక్కువున్న మెత్తని నీళ్లలో దాని విషం ఇంకా ఎక్కువ. ఊట నీళ్లు పోస్తున్నావు గనక మరీ చెప్తున్నాను. నైలాన్ బోల్టులు, కేబుల్ టైలు వాడు. పైపు మంచినీళ్లకి వేసేదే తీసుకో, మీద ఐఎస్ 4985 ముద్ర ఉంటుంది. కరెంటు వైర్లు దూర్చే పైపు చవకే, వద్దు. పీవీసీ పైపుల్లో సీసం కలపడాన్ని ఆపడానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. పెరట్లో పడున్న పాత ముక్కలు ఏ కాలం నాటివో, వాటి జోలికి పోకు. సిలికాన్ అయితే ట్యూబు మీద అక్వేరియం అని రాసుండాలి. బాత్‌రూములకి వాడే రకంలో బూజు మందు కలిపి ఉంటుంది. పెట్టెకి గాజుగానీ అక్రిలిక్‌గానీ మేలు. పెయింటు డబ్బా ఎంత కడిగినా పెయింటు డబ్బానే.

నాచు పట్టే తెరకి, ఊలుతో బొమ్మలు కుట్టే ప్లాస్టిక్ కాన్వాస్ ఉంటుంది చూడు, అది. యాక్సా బ్లేడుతో రెండు వైపులా అడ్డదిడ్డంగా గీకు, పనసకాయ తొక్కలా గరుకెక్కేదాకా. నున్నగా ఉంటే నాచు పట్టినట్టే పట్టి జారిపోతుంది.

ఎంత తెర అన్నది తొట్టి సైజుని బట్టి కాదు, నువ్వు వేసే మేతని బట్టి. రోజుకి పది చిటికెల మేతకి, రెండు వైపులా లైటు పడే పన్నెండు చదరపు అంగుళాల తెర అని లెక్క. నీకు నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు చాలు. అంగుళం వెడల్పుకి గంటకి సుమారు 130 లీటర్ల నీళ్లు జారాలి. పైకి తోసేటప్పుడు పంపు బలం తగ్గుతుంది, 1000 లీటర్లదే కొను.

ఇక లైటు. షాపులో ఎల్ఈడీ బల్బు అడిగితే తెల్లటిది, 6500కె చేతిలో పెడతాడు. అది కాదు, పసుపు కాంతిది, 2700కె లేదా 3000కె అని అడిగి డబ్బా మీద చదువుకో. నాచుకి కావలసింది ఎరుపు. మొక్కల బల్బుల్లో 660 నానోమీటర్ల ఎరుపుది దొరికితే మరీ మంచిది, గది గులాబీరంగు అయితే మీ ఆవిడ ఏమంటుందో నాకు తెలీదు. నీ తెరకి వైపుకి అయిదు వాట్లు చాలు, నాలుగంగుళాల దూరంలో. మొదట్లో రోజుకి తొమ్మిది గంటలే వెలిగించు. పచ్చగా పట్టాక పదహారు, పద్దెనిమిది గంటలకి పెంచు. నాచు పసుపు రంగుకి తిరిగితే వెలుగు ఎక్కువైందని గుర్తు. తొట్టి లైటు ఆపాక రాత్రంతా ఇది వెలగనీ, నీటి పీహెచ్ ఊగిసలాడదు. వారానికోసారి తెర తీసి ఒక వైపు గీకు, రెండో వైపు వచ్చే వారం. ఆ నాచు మిరియాల పాదుకి వెయ్యి.

బల్బు పెట్టె బయటే ఉండాలి, మధ్యలో గాజు పలక అడ్డం పెట్టు. వైరు ప్లగ్గు కంటే కిందికి వంగి మళ్లీ పైకెక్కాలి, జారిన చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. వానాకాలంలో మీ ఊరి కరెంటు సంగతి తెలిసిందే. అది పోగానే పైపులో నీళ్లన్నీ తొట్టిలోకి దిగుతాయి, పైన రెండంగుళాలు ఖాళీ ఉంచు.

కాన్వాసూ బల్బులూ మే నెలలో మోదకొండమ్మ జాతరకి వచ్చేటప్పుడు మీ అత్త తెస్తుంది. ఈలోగా అక్కడే ఎలక్ట్రికల్ షాపులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ కొని బోర్డుకి పెట్టించు. అది పెట్టేదాకా ప్లగ్గు గుచ్చకు.

మావయ్య