బెంగుళూరు చూసి వద్దాం

రాజధాని అనగానే అత్తిముగం బడిపిల్లలకు చెన్నై గుర్తుకు రావాలి. అది మన రాష్ట్ర రాజధాని. హొసూరు నుంచి 300 కిలోమీటర్లకు పైగా దూరం. కాని మన గడపలోనే అన్నట్లు మరొక రాజధాని ఉంది. అదే కర్ణాటక రాష్ట్రానికి రాజధాని అయిన బెంగుళూరు. హొసూరు నుంచి 40 కిలోమీటర్లే. అత్తిబెలె చేరితే పొరుగు రాష్ట్రం వచ్చేసినట్లే. మన పెద్దలు పూలు, కూరగాయలు అమ్ముకోవడానికీ, కూలికీ, ఉద్యోగానికీ, ఆసుపత్రికీ అక్కడికి పోయి వస్తుంటారు. పనిమీద పోయినవారికి ఊరు చూసే తీరిక ఉండదు. ఈ పాఠంలో మనం చూడడానికే పోదాం.

2014 నవంబరు 1వ తేదీన ఈ నగరానికి 'బ్యాంగలోర్' అనే ఇంగ్లీషు పేరు పోయి 'బెంగళూరు' అధికార నామం అయింది. తెలుగువారికి మాత్రం అది అంతకు ముందు నుంచీ బెంగుళూరే.

లోకంలో పెద్ద రాజధానులు చాలావరకు నది ఒడ్డునో సముద్రపు ఒడ్డునో వెలిశాయి. దక్షిణ అమెరికా ఖండంలో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ ప్లేట్ నది ఒడ్డున ఉంది. పెరూ రాజధాని లీమా పసిఫిక్ మహాసముద్రపు అంచున ఉంది. బెంగుళూరుకు ఆ భాగ్యం లేదు. అది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఒక మిట్ట మీద ఉంది. అక్కడ కురిసిన వానలో కొంత పడమటికీ, కొంత తూర్పుకూ జారిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఊరంతా చూశాక దీనితో మనకు పని ఉంది.

విజయనగర రాజులకు సామంతుడైన యలహంక ప్రభువు కెంపేగౌడ 1537లో ఇక్కడ మట్టికోట కట్టి, పేటలు నిలిపాడు. నది లేని చోట ఊరు బతకాలంటే వాననీటిని నిలుపుకోవాలి. అందుకని చెరువులు తవ్వించాడు. తరువాత వచ్చిన పాలకులూ తవ్వించారు. ఒక చెరువు నిండి పొర్లితే ఆ నీరు కిందిచెరువుకు చేరేది. మన పల్లెల్లోని గొలుసుకట్టు చెరువుల వంటివే ఇవి. కెంపేగౌడ పేరుతో 'గంగాగౌరీ విలాసము' అనే యక్షగానం ఒకటి ఉంది. అది తెలుగు రచన. కన్నడ దేశపు ప్రభువుల ఇంట తెలుగు ఎంత చనువుగా మెలిగిందో దీనివల్ల తెలుస్తుంది.

ఇక ఊరిలోకి పోదాం. హొసూరు రోడ్డు మీద బొమ్మసంద్ర వద్ద దిగితే మెట్రో రైలు ఎక్కవచ్చు. ఈ దారి 2025 ఆగస్టులో తెరిచారు. రాష్ట్రీయ విద్యాలయ రోడ్డు స్టేషనులో రైలు మారితే లాల్‌బాగ్ చేరుకుంటాం.

లాల్‌బాగ్‌ను తీరికగా చూడాలి. సుమారు 240 ఎకరాల తోట ఇది. 1760లో హైదరాలీ మొదలుపెట్టాడు. ఆయన కొడుకు టిప్పు సుల్తాను దూరదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. లండన్‌లోని స్ఫటిక భవనాన్ని తలచుకొని కట్టిన గాజు ఇల్లు ఇక్కడ ఉంది. దానికి 1889లో పునాది వేశారు. గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం వచ్చినప్పుడు ఇందులో పూల ప్రదర్శన జరుగుతుంది. మన వంటింట్లోని 'బెంగుళూరు వంకాయ' పుట్టిల్లు బెంగుళూరు కాదు, మెక్సికో. ఈ తోట అధికారిగా పనిచేసిన జాన్ కామెరాన్ దాన్ని తెచ్చి పెంచాడని చెబుతారు. పెంచిన ఊరి పేరే దానికి నిలిచిపోయింది. వేసవి తొలినాళ్ళలో నగర వీధుల్లో ఊదారంగు పూలు పూసే జకరండా చెట్లదీ దక్షిణ అమెరికానే. బ్యూనస్ ఐరిస్ వీధుల్లోనూ ఇవే చెట్లు నవంబరులో పూస్తాయి.

తోటలోనే ఒక పెద్ద బండ ఉంది. దాని వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. హొసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మనం ఎక్కి ఆడుకొనే బండలూ ఈ జాతివే. రాష్ట్రాలకు హద్దులు ఉన్నాయి గాని రాతికి లేవు. ఆ బండ మీద చిన్న గోపురం కనిపిస్తుంది. కెంపేగౌడ వంశీయులు నగరం చుట్టూ నిలిపిన నాలుగు గోపురాలలో ఇది ఒకటి. ఊరు ఇంతకు మించి పెరగదని ఎల్లలుగా కట్టారంటారు. ఇప్పుడు ఆ గోపురాలు నగరం నడిమధ్యలో ఉన్నాయి.

అక్కడికి దగ్గరలోనే బసవనగుడి. సుమారు నాలుగున్నర మీటర్ల ఎత్తైన ఏకశిలా నంది అక్కడ ఉన్నాడు. చేలో పడి శనక్కాయలు మేస్తున్న ఎద్దు రాయైపోయిందని కథ. కార్తిక మాసపు కడపటి సోమవారం ఆ వీధుల్లో శనక్కాయల తిరునాళ్ళు జరుగుతుంది. శనక్కాయ పండించే మన పిల్లలు చూడవలసిన తిరునాళ్ళు అది. ఆ నంది పాదాల వద్ద వృషభావతి అనే ఏరు పుట్టిందని నమ్మిక. అది పడమటికి పారే ఏరు.

1791లో పూర్తయిన టిప్పు వేసవి మహలు టేకు స్తంభాలతో అందంగా ఉంటుంది. అది చూసుకొని మెజెస్టిక్ బస్‌స్టాండుకు రండి. వందల బస్సులు నిలిచే ఆ నేల ఒకప్పుడు ధర్మాంబుధి అనే చెరువు. కంఠీరవ క్రీడా మైదానం ఉన్న చోట సంపంగి చెరువు ఉండేది. నీరు నిలిచిన చోట మనుషులు నిలిచారు.

విధానసౌధ శాసనసభ భవనం. 1951లో నెహ్రూ శంకుస్థాపన చేయగా, కెంగల్ హనుమంతయ్య పూనికతో 1956 నాటికి పూర్తయింది. 'ప్రభుత్వ కార్యం దేవుని కార్యం' అన్న అర్థంలో కన్నడంలో దాని నుదుట చెక్కారు. ఎదురుగా ఎర్రని హైకోర్టు, ఆ వెనుక 1870 నాటి కబ్బన్ పార్కు ఉన్నాయి. పార్కు పక్కన విశ్వేశ్వరయ్య పేర వెలసిన విజ్ఞాన ప్రదర్శనశాల పిల్లలకు పండుగే. రైట్ సోదరుల విమానానికి నమూనా అక్కడ ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముద్దేనహళ్ళిలో పుట్టిన ఇంజనీరు. ఇంటిపేరైన మోక్షగుండం ఆంధ్రదేశంలోని ఊరు. ఆయన పూర్వీకులు అక్కడినుంచి వలస వచ్చారు. మన వలె వారిదీ తెలుగుగడ్డకు వెలుపల నిలిచిన తెలుగు కుటుంబం.

ఇప్పుడు నీటి సంగతికి వద్దాం. చెరువులు చాలక, 1974 నుంచి బెంగుళూరు కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పైకి తోడుకొని తాగుతున్నది. వాడిన నీరు మాత్రం పాతదారినే పోతుంది. తూర్పు వాలున పడినది బెళ్ళందూరు, వర్తూరు చెరువుల గుండా దక్షిణ పినాకినిలో కలుస్తుంది. శుద్ధి కాని మురుగు వల్ల బెళ్ళందూరు చెరువు నురుగు కక్కింది. 2017లోనూ, 2018లోనూ అక్కడ మంటలు కూడా లేచాయి. 2018 నుంచి కొంత నీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు మళ్ళిస్తున్నారు.

దక్షిణ పినాకిని నందికొండల్లో పుట్టింది. ఆ కొండల్లోనే పుట్టి నెల్లూరు వైపు పోయే ఉత్తర పినాకిని మన తెలుగువారి పెన్న. ఇది దక్షిణానికి తిరిగి, తమిళులు తెన్‌పెణ్ణై అని పిలిచే ఏరై మన జిల్లాలో ప్రవేశిస్తుంది. హొసూరు దగ్గరి కెలవరపల్లి ఆనకట్ట దానికి అడ్డంగా కట్టినదే. వానలకు తూములు ఎత్తినప్పుడు ఆనకట్ట కింద తెల్లని నురుగు గుట్టలుగా పేరుకొని చేల మీదికి ఎగరడం రైతులు ఎన్నోసార్లు చూశారు. అది లాల్‌బాగ్‌నూ విధానసౌధనూ దాటి వచ్చిన ఊరి నీరు. అక్కడినుంచి కృష్ణగిరి ఆనకట్టకు పోతుంది. దారి పొడుగునా మన చేలు ఉన్నాయి.