నోట పాట రాని రోజుల్లో

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి,

మీ పెదనాన్న దీవించి రాస్తున్న ఉత్తరం.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. ఆరాధనలో అందరూ లేచి పాడుతుంటే నీకు గొంతు పెగల్లేదనీ, పక్కనున్నావిడ "కష్టంలోనే ఇంకా గట్టిగా స్తుతించాలమ్మా, ఏడవకూడదు" అనేసరికి తట్టుకోలేక బయటికి వచ్చేశాననీ చెప్పావు. అల్లుడి ఉద్యోగం పోయి నెలలు గడిచాయి. ఇంటి అప్పు వాయిదాలు ఆగవు, పిల్ల ఫీజు ఆగదు. ఇలాంటివి ఫోన్లో మాట్లాడటం నాకు చేతకాదు, అందుకే కాగితం తీశాను.

ముందు ఆవిడ మాట సంగతి. స్తుతించాలన్నది నిజం. కష్టంలో ఏడవకూడదన్న ఆజ్ఞ మాత్రం బైబిల్లో ఎక్కడా లేదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. 13వ కీర్తన తీసి చూడు, ఉన్నది ఆరు వచనాలే. ఇంకెన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదు దేవుణ్ణి నిలదీస్తూ మొదలుపెట్టి, పాడతానన్న మాటతో ముగిస్తాడు. 88వ కీర్తనలో ఆ మలుపు కూడా రాదు, చీకట్లోనే ఆగిపోతుంది. అయినా ఇశ్రాయేలీయులు దాన్ని తమ పాటల్లోంచి తీసెయ్యలేదు. యోబు పిల్లల్ని పోగొట్టుకున్న రోజు బట్టలు చించుకున్నాడు, తల గొరిగించుకున్నాడు, ఆ తర్వాత నేల మీద సాగిలపడి ఆరాధించాడు. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు పెట్టుకున్నాడు, కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా. నీ ఏడుపు అవిశ్వాసం కాదు తల్లీ. ఎవరన్నా అలా అంటే పట్టించుకోకు.

నీ ఏడుపు గురించి నాకు దిగులు లేదు. నా దిగులు మీ మంచిరోజుల గురించి. ఇల్లు కొన్నప్పుడు కృతజ్ఞతా కూడిక పెట్టారు, పాస్టరుగారు వాక్యం చెప్పారు, వచ్చినవాళ్లందరికీ కడుపునిండా భోజనం పెట్టారు. సంతోషించాను. ఆ తర్వాత రాత్రిపూట కుటుంబ ప్రార్థన ఉంటోందా అంటే, "ఇద్దరం ఇంటికొచ్చేసరికి పదవుతోంది పెదనాన్నా" అన్నావు. దెప్పడానికి గుర్తు చేయడం లేదు. ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలో మోషే దేని గురించి హెచ్చరించాడో చూడు. అరణ్యంలో ఆకలి గురించి కాదు. తిని తృప్తిపడి, మంచి ఇళ్లు కట్టుకుని, వెండి బంగారాలు పెరిగినప్పుడు దేవుణ్ణి మరిచిపోతారేమోనన్నదే ఆయన భయం. యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లోనూ వెనక్కి వచ్చి దేవుణ్ణి మహిమపరిచినవాడు ఒక్కడే, వాడూ సమరయుడు. మిగతా తొమ్మిదిమంది చెడ్డవాళ్లని నేననుకోను. బాగైపోయారు, పనుల్లో పడిపోయారు.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం మొదలుపెడితే నీళ్లు అందవు. మంచిరోజుల్లో నోటికి అలవాటైన స్తుతే చెడ్డరోజున అందుతుంది. ప్రభువు అప్పగించబడిన రాత్రి సంగతి మత్తయి, మార్కు ఇద్దరూ రాశారు. పస్కా భోజనం అయ్యాక కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని. పస్కా రాత్రి 113 నుంచి 118 వరకు ఉన్న కీర్తనలు పాడటం యూదుల ఆనవాయితీ. ఆ రాత్రి పాడినవీ అవే అయి ఉంటాయని పెద్దలు చెబుతారు. అంటే చిన్నప్పటినుంచీ పండగపూట ఇంట్లోవాళ్లతో కలిసి పాడిన పాటలే సిలువకు ముందు ఆయన నోట ఉన్నాయన్నమాట. ఇది చదివిన ప్రతిసారీ నా గుండె నిండిపోతుంది.

జర్మనీలో మార్టిన్ రింకార్ట్ అని ఒక పాస్టరుగారు ఉండేవారు, ముప్పై ఏళ్ల యుద్ధం నాటివారు. ఆయన ఊరు ఐలెన్‌బుర్గ్. చుట్టూ ప్రాకారం ఉండటంతో, ప్రాణాలు దక్కించుకోవాలని చుట్టుపక్కల జనమంతా అక్కడికే వచ్చి పడ్డారు. 1637లో తెగులు తగిలింది. తోటి పాస్టర్లు లేకుండా పోతే ఈయన ఒక్కడే మిగిలి, ఆ ఏడాది నాలుగు వేలమందికి పైగా సమాధి ప్రార్థనలు జరిపించాడు. వాళ్లలో ఆయన భార్య ఒకరు. ఇవాళ్టికీ ప్రపంచమంతా పాడే ఒక పెద్ద కృతజ్ఞతా కీర్తన ఆయనదే. పిల్లలు భోజనం దగ్గర పాడుకోవడానికి రాశాడని అంటారు. అంతమందిని పాతిపెట్టిన మనిషి ఇంట్లో, అన్నం ముందు, ఆ పాట.

ఇక్కడ ఒకటి జాగ్రత్త. స్తుతిస్తే తలుపులు తెరుచుకుంటాయని పౌలు సీలల కథ చెప్పి ప్రసంగాలు చేస్తుంటారు. ఫిలిప్పీలో వాళ్లను బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి లోపలి చెరసాలలో పడేశారు. అర్ధరాత్రి పాడుతుంటే ఖైదీలు విన్నారు, భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. కానీ పాడేటప్పుడు భూకంపం వస్తుందని వాళ్లకు తెలియదు కదా! తర్వాత పౌలు మరో చెరలో పడి ఆ ఫిలిప్పీ సంఘానికే పత్రిక రాశాడు. అప్పుడు ఏ భూకంపమూ రాలేదు. అయినా పత్రిక నిండా ఆనందించండన్న మాటే. అల్లుడికి ఉద్యోగం రావాలని నేనూ రోజూ అడుగుతున్నాను. ఆ ఉద్యోగానికి బదులుగా మాత్రం స్తోత్రం చెల్లించకండి. దేవునితో బేరం పెట్టుకుంటే, ఉద్యోగం ఆలస్యమైన కొద్దీ ఆయన మీద కోపమే పెరుగుతుంది.

మన ఒంగోలు సంగతే తీసుకో. 1876–78 కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. గంజి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని, కరువు సహాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. సహాయం ఆగిపోయాక జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చేతికి ఏదో వస్తుందని రాలేదు వాళ్లు. ఆ విశ్వాసం నుంచే మనం పుట్టుకొచ్చాం.

మీ పెద్దమ్మ పోయాక నాకూ చాలాకాలం నోట పాట రాలేదు. మందిరంలో పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్లు పాడేవారు. ఆమెకు ఇష్టమైన కీర్తన వస్తే తలవంచుకునేవాణ్ణి. నా బదులు సంఘం పాడుతోందని అప్పుడు తెలిసింది. మనం కలిసి ఆరాధించేది ఇందుకు కూడా. ఒకరి గొంతు పూడుకుపోయిన వారం ఇంకొకరి గొంతు పనిచేస్తుంది. రేపు నీ గొంతు ఇంకెవరికో కావాల్సి వస్తుంది.

ఈ రాత్రి నుంచి భోజనానికి ముందు ముగ్గురూ కలిసి కూర్చోండి. ఐదు నిమిషాలు చాలు. మనసులో ఉన్న బాధ ముందు చెప్పండి, దాచకండి. తర్వాత ఆ రోజు నిజంగా అందిన మేలు ఒక్కటి పేరుపెట్టి చెప్పండి, లేనిది కల్పించొద్దు. చివర చిన్నదాని చేత ఒక పాట పాడించండి, దానికి వచ్చిందే. ఉద్యోగం దొరికిన రోజున కూడా ఇది మానకండి, ఆ రోజు అసలే మానకండి.

ఫీజు సంగతి నాతో దాచావు, మీ నాన్న చెప్పాడు. ఈ నెలది నేను పంపుతున్నాను, కాదనకు. వచ్చే ఆదివారం మందిరానికి వెళ్లు. పాడలేకపోతే కూర్చో, కానీ వెళ్లు.

ప్రేమతో,
మీ పెదనాన్న